మూగ పెళ్ళివారు

మసీదు ముందు ఎండలో కూర్చున్న పెద్దలకు అపో తఖీ మంచు మోతకు ఇద్దరి పేర్లు చెప్పాడు. మొదటిది షాబాన్ పేరు. మనిషి కష్టజీవే, కాదనలేం. పాతికేళ్ళపాటు కొండలెక్కే తెల్లవాళ్ళ మూటలు మోశాడు, ఆ మోతలోనే ఎడమ కాలి వేళ్ళు రెండు చలికి పోగొట్టుకున్నాడు. కానీ మార్చి నెలలో భార్య పోయినప్పటి నుంచి మనిషి మనిషిలా లేడు. పొలానికి వెళ్తాడు, వస్తాడు, పెట్టింది తింటాడు. పలకరిస్తే తలూపుతాడు. అలాంటివాడి వీపు మీద ఊరి నీళ్ళు పెడతామా అని ఒకరిద్దరు గొణిగారు.

"మాట్లాడని మనిషే కదా మనకి కావాల్సింది," అన్నాడు అపో. "వాడికి కొత్తగా నేర్పేదేముంది? ఏడు నెలల నుంచీ అదే పనిలో ఉన్నాడు."

రెండో పేరు ఫర్మాన్‌ది. అతను షాబాన్‌కు బావమరిది, పోయిన కుల్సూమ్‌కు తమ్ముడు. అక్కను మట్టిలో పెట్టిన రోజు నుంచి బావతో ఒక్క మాట మాట్లాడలేదు. దారిలో ఎదురైతే గట్టెక్కి పక్కనుంచి పోతాడు. వీళ్ళిద్దరినీ ఒకే దారిన పంపడమేమిటని అడిగితే ముసలాయన దానికీ జవాబు సిద్ధంగా ఉంచుకున్నాడు. కోపమున్నవాడు వడిగా నడుస్తాడట. పైగా ఈ ఇద్దరూ దారిలో కబుర్లలో పడతారన్న భయం లేదట. డెబ్బై దాటిన మనిషి, ఊరందరికీ తాత, అందుకే అందరూ 'అపో' అంటారు. ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు సిల్దోంగ్‌లో ఎవరికీ లేదు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. ఊరి మీది కొండ నెత్తిన ఉండే మంచు ఏటేటా తరిగి తరిగి ఇప్పుడు దుప్పటంత మిగిలింది. జూన్ దాకా వాగులో చుక్క ఉండదు. కొత్త మంచును పుట్టించాలి. పుట్టించాలంటే ఆడ మంచూ మగ మంచూ కలవాలి. మగ మంచు నల్లగా, ఒంటినిండా రాళ్ళు కప్పుకుని బద్ధకంగా పడి ఉంటుంది, గుక్కెడు నీళ్ళివ్వడానికి ఏడుస్తుంది. ఆడ మంచు నీలంగా మెరుస్తుంది, పెరుగుతుంది, ఊళ్ళను పోషిస్తుంది. ఇందులో ఆశ్చర్యమేముందని ఊరి ఆడవాళ్ళు అడుగుతారు. రెండూ పక్కపక్కన దొరికేది పెద్ద మంచునది తల దగ్గర, నాలుగు రోజుల నడక. అక్కడ చెరో బుట్టెడు నరికి తెచ్చి, ఊరి పైన ఎండ సోకని లోయలో గొయ్యి తీసి పక్కపక్కన పడుకోబెట్టి, బొగ్గూ పొట్టూ కప్పి మూసెయ్యాలి. పాతికేళ్ళకో ముప్ఫయ్యేళ్ళకో అక్కడొక మంచునది నడక నేరుస్తుంది.

షరతులు రెండు. నరికిన క్షణం నుంచి పూడ్చేదాకా బుట్ట నేల తాకకూడదు. మోసేవాళ్ళ నోట ఒక్క మాట రాకూడదు. కొత్త జంట బెదురుగొడ్ల వంటిది, మనిషి గొంతు వింటే ఇక కలవదు. మాట పడిందా, ఆ మంచు ఉత్త మంచు, అక్కడికక్కడ పారబోయాల్సిందే. అపో కుర్రతనంలో ఒకడు తుమ్మి, అలవాటుకొద్దీ దేవుడికి శుక్రియా చెప్పుకున్నందుకు మూడు రోజుల మోత పారబోశారు. చచ్చేదాకా అతన్ని ఊరంతా తుమ్ముల్లా అనే పిలిచింది.

షాబాన్ సరేనని తలూపాడు. ఊరి మీద ప్రేమ కొద్దీ కాదు. వాగులో నీళ్ళుంటే కుల్సూమ్ బతికి ఉండేది, అందుకు.

మార్చిలో ఆడవాళ్ళు నీళ్ళకోసం నదికి దిగుతున్న రోజులవి. ఆ తెల్లవారుజామున షాబాన్ ఇంటి కప్పు మీద నిలబడి చెక్కపారతో మంచు తోస్తున్నాడు. కుల్సూమ్ వీపున నీళ్ళ డబ్బా కట్టుకుని అడ్డదారి వైపు తిరగడం చూశాడు. ముందు రోజు ఎండకు కరిగి కారిన నీళ్ళు ఆ దారిలోని బండ మీద గడ్డకట్టి ఉంటాయని అతనికి తెలుసు. అటు వద్దు, చుట్టుదారిన పో అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. కానీ మూతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. గుడ్డ కిందికి లాగాలి, చలిగాలి మింగాలి, అరవాలి. ఆమెకు తెలియదా ఏం, రోజూ పోయే దారే కదా అనుకున్నాడు. పార మళ్ళీ మంచులో దించాడు. అంతకంటే ఏమీ జరగలేదు. పొద్దెక్కాక ఆమె నది ఒడ్డు రాళ్ళలో దొరికింది.

తాను ఆ వేళ ఇంట్లో పొయ్యి దగ్గర ఉన్నానని అందరికీ చెప్పాడు. ఎవరూ రెండోసారి అడగలేదు, ఫర్మాన్ చూపు తప్ప. ఏడుపు వస్తుందని షాబాన్ చాలా రోజులు ఎదురుచూశాడు. రాలేదు. కాలు మడిచి ఎక్కువసేపు కూర్చుంటే తిమ్మిరి ఎక్కుతుందే, అది అతనికి ఒళ్ళంతా ఎక్కి దిగడం మానేసింది. ఆ లోయలో మంచు పుట్టి, ఏ ఇంటి ఆడదీ ఇక నదికి దిగక్కర్లేకపోతే కుల్సూమ్‌కు తాను చేయగలిగింది చేసినట్టవుతుంది. అతనికి మిగిలిన ఆశ అదొక్కటే. దాన్ని ఆశ అనడానికి కూడా అతనికి ఓపిక లేదు.

అక్టోబరు చివర్లో బయల్దేరారు, ఆచారం తప్పకుండా చూడటానికి అపో కూడా వెంట వచ్చాడు. ఇంకో మూడు వారాలు పోతే దారి మూసుకుపోతుంది, మళ్ళీ ఏడాది దాకా వీలు కాదు. మొదటి రెండు రోజులూ రాళ్ళ దిబ్బలే. మంచునది అని పేరే గానీ పైకి మంచు కనిపించదు, ఇళ్ళంత బండలు కనిపిస్తాయి. కాలు పెడితే అవీ కదుల్తాయి. నాలుగడుగులు ఎక్కి మూడు జారుతూ పోవాలి. పిండి, ఉప్పు, చాయ్ ఆకు, పుల్లల కట్ట, ఒక ప్లాస్టిక్ పట్టా, గొడ్డలి, బొగ్గూ పొట్టూ నింపిన రెండు బుట్టలు, ఇదీ మోత. తాడు లేదు. ఊళ్ళో ఉన్న ఒక్క మంచి తాడూ వరదకు కొట్టుకుపోయిన వంతెన దగ్గర కట్టి ఉంది, అది విప్పితే అవతలి గట్టు మేకలకు గతి లేదు. అపో కాలంలో తాడు అడిగినవాడూ లేడు. పొడుగు కర్రతో పొడిచి చూసుకుంటూ పోవడమే.

పోయేటప్పుడు మాటలకు అడ్డులేదు. ఫర్మాన్ అపోతో మాట్లాడేవాడు, షాబాన్‌కు వినబడేలా. రెండో రోజు మధ్యాహ్నం వేడి రాయి చుట్టూ పిండి ముద్ద చుట్టి కుర్బా రొట్టె కాలుస్తూ మొదలుపెట్టాడు.

"అపో, కొంతమందికి మంచు మీద కళ్ళు భలే పనిచేస్తాయటగా. తెల్లవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి మరీ ముందు నడిపించుకుంటారట. ఇంటి ముందు మంచు మాత్రం కనబడదట పాపం."

"రొట్టె మాడుతోంది, తిప్పు," అన్నాడు అపో.

షాబాన్ విన్నాడు. ఆ మాటకు కోపం రావాలి, సిగ్గయినా రావాలి. ఏమీ రాలేదు. తనకిచ్చిన రొట్టె ముక్క ఉప్పు చాయ్‌లో ముంచుకుని తిన్నాడు. రుచి తెలియలేదు గానీ కడుపు నిండింది.

మూడో రోజు రాళ్ళు తగ్గి తెల్ల మంచు బయటపడింది. దాని మీద పారే పిల్లకాలువల్ని దాటుతూ, నోళ్ళు తెరుచుకున్న చీలికల చుట్టూ తిరుగుతూ, అరకోసు దూరానికి అరపూట పట్టింది. నాలుగో రోజు సాయంకాలానికి మంచునది తల దగ్గరికి చేరారు. ఎడమ పక్కనుంచి నల్లటి పాయ, కుడి పక్కనుంచి నీలం పాయ వచ్చి అక్కడ కలుస్తాయి. కలిసినా ఒకదాన్నొకటి అంటనట్టు చాలా దూరం పక్కపక్కన నడుస్తాయి.

మర్నాడు పొద్దున అపో గొడ్డలి చేతిలోకి తీసుకుని బిస్మిల్లా అనబోయి ఆగాడు.

"చెప్పుకోవాల్సిందేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పుకోండి. తర్వాత నాలుగు రోజులు నోరుండదు."

ఆ మాట ఇద్దరికీ కలిపే అన్నాడు. ఫర్మాన్ ఏడు నెలల్లో మొదటిసారి బావ మొహంలోకి సూటిగా చూశాడు, చూపు తిప్పకుండా నిలబడ్డాడు. షాబాన్ వంగి బుట్ట పట్టీలు సరిచేసుకున్నాడు. సరిగ్గా ఉన్నవాటినే విప్పి మళ్ళీ బిగించాడు. ఫర్మాన్ పక్కకు తిరిగి ఉమ్మేశాడు. తనకేం లేదన్నాడు. అపో గొడ్డలి ఎత్తాడు.

మగ మంచు బుట్ట ఫర్మాన్‌కు, ఆడ మంచు బుట్ట షాబాన్‌కు. పెళ్ళికొడుకు ముందు నడవాలి, పెళ్ళికూతురు వెనక రావాలి, ఇది కూడా ఆచారమే. మంచు మీద పాతికేళ్ళు తిరిగినవాడు వెనక, తిరగనివాడు ముందు అయ్యాడన్న సంగతి అపోకు తట్టకపోలేదు. కానీ ఆడ మంచు బరువు, అది పాతకాపు వీపునే ఉండాలి. మాటలకు బదులు కర్ర దెబ్బలు పెట్టుకున్నారు. ఒక దెబ్బకు ఆగాలి, రెండు దెబ్బలకు బుట్ట అందుకోవాలి. ఆగిన చోట మూడు కర్రలు నిలబెట్టి కట్టి బుట్టలు వాటికి వేలాడదీసేవారు. నమాజులో కూడా పెదవులే కదిలాయి.

బుట్టలోంచి నీళ్ళు బొట్టు బొట్టుగా కారి షాబాన్ నడుము తడిపేవి. ఆ తడి నడకలో ఆరదు, ఆగితే గడ్డకడుతుంది. మొదటి రోజు సాయంత్రం అపో అతని చొక్కా ఎత్తి చూశాడు. నడుము మీద అరచేతంత మేర చర్మం నల్లబడింది. ముసలాయన తల పట్టుకుని, సంచిలోంచి ఖుబానీ గింజల నూనె తీసి మర్దనా చేశాడు. షాబాన్‌కు ఆ చేయి తగుల్తున్నట్టే తెలియలేదు. ఎవరి ఒంటికో రాస్తున్నట్టు కూర్చున్నాడు. ఫర్మాన్ ఆ నలుపు చూశాడు. రెండో రోజు మధ్యాహ్నం తన కోటు లోపలి గొర్రెతోలు తీసి, బావ వైపు చూడకుండానే, ఆ బుట్టకూ వీపుకూ మధ్య దూర్చాడు. తర్వాత మళ్ళీ ముందుకు పోయాడు.

రెండో రోజు చీకటిపడే వేళకు మంచు పడటం మొదలైంది. మర్నాడు లేచేసరికి ఆకాశం తేటగా ఉంది గానీ లోకంలో తెలుపు తప్ప మరో రంగు లేదు. చీలికలన్నీ మూసుకున్నాయి. నిజానికి అవెక్కడికీ పోలేదు, పైన కప్పు వేసుకున్నాయి, అంతే. మోకాలి లోతున దిగబడుతూ నడిచారు. గాలి ఎదురు కొడుతోంది. మొదట్లో ఫర్మాన్ అడుగడుక్కీ కర్ర పొడిచి చూశాడు. తర్వాత రెండడుగులకొకసారి. ఆపైన కర్రను ఊతగా మాత్రమే వాడుతూ, తలవంచుకుని, తొందరపడుతున్నాడు. ఈ తెలుపు దాటితే రాళ్ళ దిబ్బలు, ఆ తర్వాత ఊరు.

షాబాన్ అతనికి ముప్ఫై అడుగుల వెనక ఉన్నాడు. అపో ఇంకా వెనక. షాబాన్ తలలో ఏమీ లేదు, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. అప్పుడు కనబడిందది. ఫర్మాన్ ముందున్న మంచు మీద, ఈ పక్కనుంచి ఆ పక్కకు, మంచం నవారు కుంగినట్టు సన్నటి కుంగుడు. కొత్తవాడి కంటికి అందదు. దాని కింద ఎంత లోతుందో ఎవరికీ తెలియదు.

షాబాన్ కర్రతో కొట్టాడు. కొత్త మంచు దెబ్బను మింగేసింది. మళ్ళీ కొట్టాడు. గాలి ఎదురు, ఏమీ వినబడదు. పరుగెత్తుదామంటే వీపున బుట్ట, కింద మోకాలి లోతు. కర్ర విసిరితే సగం దూరం కూడా పోదు. అరవాలి. మూతికి గుడ్డ ఉంది. గుడ్డ లాగాలి, చలిగాలి మింగాలి, అరవాలి. అరిస్తే వీపు మీదున్నది ఉత్త మంచు. ఆ లోయలో ఏమీ పుట్టదు, ఎన్ని మార్చి నెలలు పోయినా ఆడవాళ్ళు ఆ బండ మీదుగానే దిగుతారు, కుల్సూమ్‌కు చేయగలిగిందీ ఇక లేదు. ఫర్మాన్ ఇప్పుడు ఆగుతాడేమో, కర్ర పొడిచి చూస్తాడేమో. అతనికి తెలియదా ఏం, అనుకున్నాడు.

ఆ మాట అచ్చం అలాగే, అదే గొంతుతో తన లోపలికి వచ్చేసరికి షాబాన్‌కు భయం వేసింది. ఏడు నెలల్లో అతనికి కలిగిన మొదటి భావం అదే. గుడ్డ లాగి పారేశాడు.

"కుల్సూమ్!"

ఫర్మాన్ అని పిలవబోయాడు. నోట్లోంచి వచ్చింది అది.

ఫర్మాన్ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. తన పేరుతో పిలిచి ఉంటే విసుక్కుని నడిచేవాడేమో. అక్క పేరు విని వెనక్కి తిరిగాడు. ఆ తిరగడంలో చేతి కర్ర ముందుకు ఊగి మంచుకు తగిలింది. అంతే, గది తలుపంత ముక్క చప్పుడు లేకుండా కిందికి పోయింది. అతని పాదానికి జానెడు దూరంలో నీలంగా నోరు తెరుచుకుంది. చాలాసేపటికి ఎక్కడో అడుగున ఏదో పడిన శబ్దం వచ్చింది.

ఫర్మాన్ నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాడు. చీలికను చూడలేదు, బావనే చూస్తున్నాడు.

అపో మెల్లగా నడిచి వచ్చాడు. చీలికలోకి తొంగి చూశాడు. ఇద్దరి మొహాలూ చూశాడు. తర్వాత షాబాన్ వీపు మీది పట్టీలు తనే విప్పి, బుట్ట తీసి, బోర్లించాడు. ఫర్మాన్ బుట్ట కూడా. నీలం ముక్క ఒక పక్క, నల్ల ముక్క ఒక పక్క పడ్డాయి, వాటి మధ్య బొగ్గూ పొట్టూ చెల్లాచెదురయ్యాయి. ఇల్లు ఊడ్చి పారబోసినట్టుంది. బుట్ట దిగినా షాబాన్‌కు వీపు తేలికనిపించలేదు.

"ఇక మాట్లాడుకోవచ్చు," అన్నాడు అపో. "మూడు రోజులుగా నా మోకాళ్ళని తిట్టుకోవాలని ఉంది నాకు."

ముసలాయన ఆ బొగ్గులే పోగుచేసి చాయ్‌కు పొయ్యి వెలిగించే పనిలో పడ్డాడు. వెలిగించడం ఆయనకు అంతసేపు ఎన్నడూ పట్టదు.

"అక్క పేరెందుకు పిలిచావు?" అన్నాడు ఫర్మాన్.

"నిన్నే పిలుద్దామనుకున్నా. అదొచ్చింది." షాబాన్ గొంతు తుప్పు పట్టిన గొళ్ళెంలా ఉంది.

"ఆ రోజు నువ్వు ఇంట్లో లేవు."

"లేను. కప్పు మీదున్నా."

"చూశావా అక్కని?"

"చూశా. అడ్డదారిన దిగుతుంటే చూశా. పిలవలేదు."

"ఎందుకు?"

ఏడు నెలలుగా షాబాన్ ఈ ప్రశ్నకు పెద్ద జవాబు కోసం వెతికాడు. ముందు రోజు పోట్లాడుకున్నామని చెప్పవచ్చు, పోట్లాడుకోలేదు. వినబడదనుకున్నానని చెప్పవచ్చు, వినబడే దూరమే. ఆమె పోవడానికి తగినంత పెద్ద కారణం ఒక్కటీ దొరకలేదు.

"మూతికి గుడ్డ ఉంది," అన్నాడు. "తియ్యబుద్ధి కాలేదు."

ఫర్మాన్ వచ్చి అతని కోటు మెడ దగ్గర పట్టుకున్నాడు. కొడతాడనుకున్నా షాబాన్ కళ్ళు మూసుకోలేదు, కొడితే బాగుండుననుకున్నాడు. ఫర్మాన్ పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండి, తల వంచి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ముక్కు చీదుకోవడానికి కూడా ఆ మెడ వదల్లేదు. అంత చిన్న గుడ్డకా, అంత చిన్న గుడ్డకా అని రెండుసార్లు అన్నాడు. షాబాన్‌కు కన్నీళ్ళు రాలేదు. నడుము మీద నల్లబడిన చోట మాత్రం సూదులతో పొడిచినట్టు నొప్పి మొదలైంది. అమ్మా అనబోయి ఆపుకున్నాడు. ఆ నొప్పి తనదేనని తెలిసింది.

చాయ్ తాగాక అపో వచ్చే ఏడు మళ్ళీ రావాలన్నాడు. తను ఉంటే తను, లేకపోతే ఇంకెవరన్నా. ఈలోగా మసీదు ముందు ఏం చెప్పుకోవాలో ఆలోచించాలి, ఆడవాళ్ళకు ఏం చెప్పాలో అంతకంటే ముందు ఆలోచించాలి అని గెడ్డం గోక్కున్నాడు. తను తుమ్మానని చెప్పుకున్నా ఫరవాలేదట, ఈ వయసులో పేరు మారితే పోయేదేం లేదట.

"నేను చెప్తా," అన్నాడు షాబాన్. "మంచెందుకు తేలేదో, ఆమె ఎందుకు పోయిందో, రెండూ నేనే చెప్తా."

అపో లేచి, ఇక పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ లేరు కనుక దారి తెలిసినవాడు ముందు నడవమని షాబాన్‌కు చెయ్యి చూపించాడు. షాబాన్ కదిలేలోపు ఫర్మాన్ ఖాళీ బుట్ట తగిలించుకుని ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. వెనక్కి తిరక్కుండానే మాట్లాడాడు.

"నేనే ముందు పోతా. నువ్వు వెనక రా. కళ్ళు నా కాళ్ళ మీద పెట్టు. తప్పడుగు వేస్తే పిలువు."

షాబాన్ పిలిచాడు. ఎడమకు రమ్మన్నాడు, ఆగమన్నాడు, కర్ర పొడవమన్నాడు, ఇప్పుడు దాటమన్నాడు. మూతికి గుడ్డ కట్టుకోలేదు, పెదవులు పగిలి నెత్తురు వచ్చింది. సాయంత్రానికి చీలికలన్నీ దాటేశారు. మర్నాడంతా రాళ్ళ దిబ్బలే, జారితే మోకాలు చెక్కుకుపోతుందంతే, కేకేసి హెచ్చరించడానికి ఏమీ లేదు. అయినా ఫర్మాన్ ప్రతి మలుపు దగ్గరా ఆగాడు. వెనకనుంచి షాబాన్ తన పేరు పెట్టి పిలిచేదాకా అడుగు ముందుకు వెయ్యలేదు.